ఏ జాబితాలోనూ లేని నేస్తం

ముంపులో పోయిన మా ఊరి బడిలో నా పక్కన కూర్చున్న పిల్లను ఇప్పుడు వెతకాలా, వద్దా అన్నది మా అన్నకూ నాకూ మధ్య ఏళ్లుగా నలుగుతున్న సంగతి. వెతుకుదాం అంటాడు ఆయన. వద్దంటాను నేను. ఇది మా ఇంటి గొడవే అయితే రాసేదాన్ని కాదు. శ్రీశైలం ఆనకట్టకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1981 నాటికి నీళ్లు వెనక్కి ఎగదన్నుతూ వచ్చాయి. కృష్ణకు ఇటు కర్నూలు జిల్లాలో, అటు మహబూబ్‌నగర్ జిల్లాలో వంద దాకా ఊళ్లు ఖాళీ అయ్యాయి. సుమారు లక్ష మంది గోడలు వదిలి, దూలాలూ తలుపులూ బండ్లకెత్తుకుని దొరికిన దిక్కుకు పోయారు. మునిగిన ఎకరాలకు లెక్క ఉంది. విడిపోయిన పిల్లల జతలకు లెక్క లేదు. మాలాగా ఇళ్లలో వాదించుకునేవాళ్లు ఇంకా చాలామంది ఉంటారని నా నమ్మకం.

మా అన్న రెవెన్యూలో పనిచేసి రిటైరైన మనిషి, కాగితాన్ని నమ్ముతాడు. నేను ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మను. కాగితం మీద ఏది ఎక్కదో రాసి రాసి తెలుసుకున్నదాన్ని. ఊరు మునిగేనాటికి ఆయనకు పదిహేడేళ్లు, నాకు పదేళ్లు. ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయను. ఆ పిల్ల అనుమతి నా దగ్గర లేదు.

అన్న: మా 1979-80 పదో తరగతి బ్యాచ్ చూడు. చనిపోయినవాళ్లు పోగా దాదాపు అందరం ఒకచోట చేరినాం. ఒకణ్ని పట్టుకుంటే వాడు ఇద్దర్ని పట్టిచ్చినాడు, ఆ ఇద్దరూ నలుగుర్ని. హైస్కూలు విడిచినాక మళ్లీ మొహం చూడనోడు ఫంక్షన్ హాల్లో ఎదురొచ్చి పాత పేరు పెట్టి పిలిస్తే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. ఆ సంతోషం నీకేంటికి ఉండకూడదు?

నేను: నీ సంతోషాన్ని కాదనను అన్నా. సార్లకు శాలువాలు కప్పినారు, పోయినవాళ్ల పేర్లు చదివి మౌనంగా నిలబడినారు, అంతా బాగుంది. మీరు కట్టిన ఫ్లెక్సీ నేనూ చూసినా. మగపిల్లల ఫొటోలు వరసలు వరసలు. ఆడపిల్లలు కింద మూలన నలుగురు. ఐదో తరగతిలో నీతో ఎంతమంది ఆడపిల్లలుండిరి? వాళ్లంతా ఏరీ? బ్యాచ్ అనేది పదో తరగతి దాకా వచ్చినోళ్లకే పుడుతుంది. ఐదుతో ఆగిపోయినోళ్లకు సమ్మేళనం లేదు, వాట్సాప్ గ్రూపు లేదు. వాళ్లు రాలేదని వెలితి పడినోళ్లు కూడా ఆ హాల్లో లేరు.

అన్న: అందుకే కదా మనం వెతకాలంటున్నా. వాళ్లంతట వాళ్లు రాలేరు కాబట్టి.

నేను: ఎట్లా? దారి చెప్పు.

అన్న: మొదట బడి అడ్మిషన్ రిజిస్టరు.

నేను: మన బడి మునిగింది. అప్పుడు మండలాలు యాడివి? తాలూకాలు, పంచాయతీ సమితులు. 1985లో మండలాలు వచ్చినాయి, ఆ తర్వాత సమితులు పోయినాయి. ఆ మార్పులో మునిగిన బడి రిజిస్టరు ఏ బీరువా అడుక్కు చేరిందో ఎవరికెరుక? సరే, దొరికిందే అనుకో. అందులో ఏముంటుందో నన్నడుగు. పేరు, తండ్రి పేరు, కులం, పుట్టిన తేదీ, చేరిన తరగతి, విడిచిన తేదీ, విడిచిన కారణం. పుట్టిన తేదీ ఆ పూట సారుకు తోచింది. తల్లి పేరుకు అప్పట్లో గడే లేదు. కారణం గళ్లో ఏం రాసుంటారు? ఊరు విడిచి వెళ్లినందున అని. ఊరంతా విడిచి పోయింది కదా, పేజీ పొడుగునా అదే మాట ఉంటుంది. ఎవరు ఏ దిక్కుకు పోయినారో ఉండదు.

అన్న: భూసేకరణ అవార్డులున్నాయి. ఊరు ఊరికీ పేర్లున్నాయి. ఆ కాగితాలు నేను చేత్తో తిప్పినవాణ్ని.

నేను: ఆ పిల్ల వాళ్లకు భూమి ఉండిందా?

అన్న: భూమి లేదు. ఇంటికైతే పరిహారం వచ్చింటుంది కదా.

నేను: ఆ ఇల్లు వాళ్ల నాయన పేరునో తాత పేరునో ఉంటుంది. పదేళ్ల ఆడపిల్ల ఆ జాబితాలో యాడుంటుంది? తర్వాత 1986లో 98 జీవో వచ్చింది, ముంపు కుటుంబంలో ఒకరికి ఉద్యోగమన్నారు. ఆ కాగితాలు చేతబట్టుకుని తిరిగి తిరిగి ముసలోళ్లయినోళ్లను నువ్వే ఎరుగుదువు. అందులోనూ కొడుకులే కదా ఉండేది. పెళ్లి చేసి పంపిన బిడ్డను ఏ కుటుంబం కింద రాస్తారు?

అన్న: ఓటర్ల జాబితా అందరికీ దొరుకుతుంది. పోలింగు బూతుల వారీగా నెట్‌లో పెట్టినారు. దానికేమంటావు?

నేను: పెళ్లయిన ఆడదాని పేరు పక్కన ఏముంటుంది? భర్త పేరు. ఆ భర్త ఎవరో నాకు తెలిస్తే జాబితా ఏంటికి? ఇంకో సంగతి చెప్తా విను. నాకు ఆమె పేరే తెలియదు. బుడ్డి అని పిలిచేదాన్ని. హాజరు పిలిచేటప్పుడు సారు కూడా బుడ్డి అనే పిలిచేవాడు. రిజిస్టర్లో ఏ నాగమ్మో ఈరమ్మో రాసుంటారు. మన సీమలో వీధికొక బుడ్డి ఉంటుంది. పైగా 2014 జూన్ 2 నుంచి ఏటికి ఒక్కో ఒడ్డు ఒక్కో రాష్ట్రం. ఆమెను అవతలి గట్టుకు ఇచ్చుంటే జాబితా ఇచ్చే సర్కారే వేరు.

అన్న దగ్గర దీనికి జవాబు లేక కాదు, నా పట్టుదల చూసి ఊరుకున్నాడు. ఈ సందులో ఒక సంగతి చెప్పాలి. ఊళ్లో ఎవరు ఎవరి బిడ్డ, ఎవరిని ఏ ఊరికిచ్చారు అన్నది ఒకప్పుడు కరణానికి కంఠతా ఉండేదని పెద్దలు చెప్పుకుంటారు. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. రద్దు కావడం మంచిదే, ఆ పెత్తనం కింద నలిగినవాళ్లకు తెలుసు. కానీ ఆ కరణానికి తెలిసింది కూడా భూమి ఉన్నవాళ్ల వంశమే. సెంటు నేల లేనివాళ్ల వంశం ఆయన దస్త్రంలోకి వచ్చిందెప్పుడు? వాళ్ల ఎరుక ఇంకెక్కడో ఉండింది. ఎక్కడుండిందో మా అన్నే చివరికి కనిపెట్టాడు. ఆ మాట తర్వాత వస్తుంది.

అన్న: సరూ బ్రియర్లీ సంగతి నీకు తెలుసు కదా. ఐదేళ్ల పిల్లోడు 1986లో రైలెక్కి నిద్రపోయి కలకత్తా చేరినాడు. ఊరి పేరు సరిగా పలకడం కూడా రాదు. ఆస్ట్రేలియా వాళ్లు దత్తత తీసుకున్నారు. పెద్దయినాక గూగుల్ ఎర్త్‌లో రైలు పట్టాలు పట్టుకుని స్టేషన్ తర్వాత స్టేషన్ చూసుకుంటా పోయి 2011లో తన ఊరు ఖండ్వాను పట్టుకున్నాడు. మరుసటి ఏడు వచ్చి తల్లిని చూసినాడు. పేరు తెలియదని నువ్వంటావు, వాడికి తన ఊరి పేరే తెలియదు!

నేను: ఆ పుస్తకం వచ్చింది, సినిమా వచ్చింది, చూసి నేనూ ఏడ్చినా. కానీ వాడికి ఏం దొరికిందో చూడు. స్టేషను, దాని పక్కన నీళ్ల ట్యాంకు, వాగు, కాలిబాట. చిన్నప్పుడు చూసినవి యాడున్నవి ఆడనే ఉన్నాయి. నేను గూగుల్‌లో మన ఊరు వెతికితే ఏం కనబడుతుంది? నీలం రంగు. మన వీధి, బడి, వాళ్ల వాడ, అన్నిటి మీదా ఒకటే నీలం. ఇంకోటి, వాళ్లమ్మ ఆ చుట్టుపక్కలనే ఉండిపోయింది, బిడ్డ తిరిగొస్తే ఇల్లు తెలియాలని. తప్పిపోయినోళ్లు దొరకాలంటే ఇద్దరిలో ఒకరైనా కదలకుండా ఉండాలి అన్నా. మేమిద్దరం ఒకే వేసవిలో కదిలిపోయినాం. నేను వెనక్కి పోదామన్నా వెనక లేదు. ఆమె నన్ను వెతికినా అంతే.

అన్న: పాకిస్తాన్‌లోని కర్తార్‌పూర్ గురుద్వారాలో 2021లో ఇద్దరు చిన్ననాటి నేస్తులు కలుసుకున్నారు. ఒకాయన ఈ దేశం, ఒకాయన ఆ దేశం. ఇద్దరికీ తొంభై దాటినాయి. 1947లో విడిపోయినోళ్లు. ఊరు అటే ఉండిపోయింది, దేశమే రెండయింది, మధ్యలో యుద్ధాలు జరిగినాయి. అయినా కలిసినారు. ఎట్లా? ఇద్దరూ ఎరిగిన ఒక చోటు ఉంది కాబట్టి, దానికి దారి తెరిచినారు కాబట్టి. మనకూ అట్లాంటి చోటు ఉంది. సంగమేశ్వరం.

నేను: నువ్వు ఆ మాట అంటావని నాకు తెలుసు.

అన్న: అననీ. రెండు దశాబ్దాలు నీళ్ల కింద ఉండి 2003లో గుడి బయటపడితే జనం యాడెయాడినుంచి వచ్చినారు! 885 అడుగుల నిండు మట్టం నుంచి నీళ్లు దిగిపోయిన ఎండాకాలాల్లో వేపదారు శివలింగం కనబడుతుంది. అవతల సోమశిల నుంచి పుట్టీల్లో, మరబోట్లలో వస్తారు. దేవుడి కోసం వచ్చేవాళ్లు కొందరు. మునిగిన ఊళ్లోళ్లు మాత్రం దేవుడితో పాటు మనుషుల కోసమూ వస్తారు. నువ్వు ఫలానా వాళ్ల మనవడివి కదా అని పట్టుకుని ఏడ్చుకునేవాళ్లను నా కళ్లతో చూసినా.

నేను: వచ్చేదెవరు? మన ఊళ్లో బుడ్డి వాళ్లను గుడి గడప తొక్కనివ్వలేదు. ఆ మనుషులు గుడి తేలిందని సంబరపడి వస్తారంటే నేనెట్లా నమ్మేది? గుడి దగ్గర నిలబడి వెతికితే మళ్లీ మనలాంటోళ్లే దొరుకుతారు. మీ ఫంక్షన్ హాలే, ఒడ్డు మీదికి వచ్చినట్టు.

అన్న: (కొంచెం ఆగి) పోయిన ఎండాకాలం మన ఊరు చూసొచ్చినా, నీకు చెప్పలేదు. మొండిగోడలు కూడా కరిగిపోయినాయి. రోళ్లు, పునాది రాళ్లు, బావి ఒర ఉన్నాయి. బడి ముందర బండ అట్లనే ఉంది. ఒండ్రు పట్టి ఉంటే చేత్తో తోసి చూసినా. మీరిద్దరూ ఇనుప మేకుతో తొలిచిన ఓమనగుంటలు వరసకు ఏడు, రెండు వరసలు, అట్లనే ఉండాయి. మూడో గుంట వంకరగా ఉంది, అదీ అట్లనే.

నేను: ఆ బండ మీదనే ఎందుకు తొలిచినామో నీకు తెలుసా?

అన్న: పిల్లల ఆట. యాడ వీలైతే ఆడ.

నేను: కాదు. మన ఇంట్లో చెక్క పీట ఉండింది, పద్నాలుగు గుంటలది, అవ్వది. దాని మీద ఆడదామంటే ఆమె మన ఇంట్లోకి రాకూడదు. వాళ్ల ఇంటికి నేను పోతే అమ్మ వీపు చీరేస్తుంది. పీట బయటికి తెచ్చి ఆమెను తాకనిస్తే అవ్వ ఊరుకోదు. బడి ముందు బండ ఎవరిదీ కాదు. అందుకని మేకు తెచ్చుకుని ఆ ఎండాకాలమంతా తొలుచుకున్నాం. చింతగింజలు ఆమె తెచ్చేది. ఎదురెదురుగా, ఒకే ఎత్తులో కూర్చున్నది మేము ఆ బండ మీదనే. బడిలో గోధుమరవ్వ ఉప్మా పెట్టేటప్పుడు కూడా వరసలు వేరు.

నేను ఇది చెప్పాక మా వాదన తోవ మారింది. అప్పటిదాకా ఎట్లా వెతకాలి అని కొట్లాడుకున్నాం. ఇప్పుడు ఎందుకు వెతకాలి అన్న చోటికి వచ్చాం. చిన్ననాటి స్నేహాల మీద మన పత్రికల్లో తీపి కథలు బోలెడు వస్తాయి. ఏళ్ల తర్వాత కలిసి కౌగలించుకుని కన్నీళ్లు పెట్టుకునేవి. అవి అబద్ధమని నేననను. కానీ విడిపోకముందే ఇద్దరి మధ్య ఉన్న గీత సంగతి ఆ కథల్లో కనబడదు. ఆ గీతను పక్కనబెట్టి మాట్లాడితే నేను నా నేస్తం గురించి మాట్లాడినట్టే కాదు.

నేను: నిజం చెప్తా విను. ఆమె దొరకదని కాదు నా భయం. దొరుకుతుందనే. పోయి వాకిట్లో నిలబడతా. నన్ను చూసి ఆమె లేచి నిలబడితే? బాగుండారా అమ్మా అంటే? మంచం వాల్చి నన్ను కూర్చోబెట్టి తను కింద కూర్చుంటే? ఈ వయసులో నేనది తట్టుకోలేను. బండ మీద కూర్చున్నంత సేపైనా మేం సమానం. నాకు మిగిలింది అదొక్కటే. పోయి దాన్ని కూడా పోగొట్టుకోమంటావా?

అన్న: ఆమె లేచి నిలబడుతుందని ఎవరు చెప్పినారు నీకు? ఆమె పదేళ్ల పిల్లగానే ఉండిపోయిందనుకుంటున్నావు. కొడుకు ఏ ఆఫీసులోనో పనిచేస్తుండొచ్చు. మనవరాలు ఇంజనీరింగ్ చదువుతుండొచ్చు. రిజర్వేషన్లు వచ్చినాక ఆమే సర్పంచి అయ్యుండొచ్చు. నిన్నే గడప బయట నిలబెట్టి, ఇన్నేళ్లు యాడ సచ్చినావే అని అడగొచ్చు. ఆమెను కింద కూర్చోబెట్టింది ఆమె కాదు, నువ్వే, నీ మనసులో.

నేను: ఆ మాట గట్టిగానే తగిలింది అన్నా. కానీ సర్పంచి అయినంత మాత్రాన కుర్చీ ఇచ్చే ఊళ్లు ఎన్నున్నాయో నీకు తెలియదా, రెవెన్యూలో తిరిగినోడివి? సరే, ఆమె బాగుందనే అనుకుందాం. బాగున్నామె నన్నేంటికి గుర్తు చేసుకోవాలి? ఆ బావి ఉంది చూడు, ఒర చూసినానంటివే. ఆమె కడవ పెట్టుకుని దూరంగా నిలబడేది, ఎవరైనా తోడి పోస్తారని. నేను పోతే నేను తోడి పోసేదాన్ని. చేద లాగలేక చేతులు మండేవి, అయినా పోసేదాన్ని. ఇన్నేళ్లూ అది నాకు మంచి జ్ఞాపకం. నీళ్లు పోసింది నేను కాబట్టి. ఆమెకు? ఆమెకది నిలబడిన జ్ఞాపకం. ఎండలో, ఎవరొస్తారా అని. నేను పోయి ఆమె ముందర నిలబడితే ఆ బావి కూడా నాతో పాటు పోతుంది కదా. కడుపు చల్లగా ఏదో ఒక ఊళ్లో బతుకుతున్న మనిషికి ఆ బావి మళ్లీ చూపించే హక్కు నాకెవరిచ్చినారు?

అన్న: ఎవరూ ఇవ్వలేదు. కానీ ఒకటి ఆలోచించు. మన ఊరి గురించి ఇప్పటిదాకా చెప్పిందెవరు? మనమే. మాగాణి పోయిందని, మామిడితోట పోయిందని, గుడి పోయిందని. పేపరోళ్లు వచ్చినా మననే అడిగినారు. పరిహారం చాల్లేదని కోర్టుకు పోయిందీ మనమే. ఆమె వైపు నుంచి ఆ ఊరు ఎట్లుండిందో ఈరోజుకీ ఎవరూ అడగలేదు. ఊరు మునిగినందుకు ఆమె ఏడ్చిందో, పీడ పోయిందనుకుందో మనకు తెలియదు. ఆమెకు కోపముంటే ఆ కోపం వినాల్సినోళ్లు ఎవరు? ఫంక్షన్ హాల్లో నా బ్యాచ్ వాళ్లా? నువ్వే కదా.

నేను: వినిపించుకుందామని పోయి ఆమె మీద ఇంకో బరువు వేసినట్టవుతుందేమో.

అన్న: కావచ్చు. వద్దంటే తిరిగొద్దాం. అడక్కుండానే వద్దంటుందని నువ్వు తేల్చేయడం మాత్రం న్యాయం కాదు. అప్పుడూ ఆమె తరఫున మనోళ్లే తేల్చినారు. ఇప్పుడూ నువ్వే తేలుస్తున్నావు.

ఈ మాటకు నేను వెంటనే జవాబు చెప్పలేదు. మా అన్న కాగితాల మనిషని మొదట్లో రాశాను. అంత మాత్రమే కాదాయన. నేను ఊరుకున్నది చూసి ఒప్పుకున్నానని సంబరపడలేదు, మళ్లీ తోవ గురించే ఆలోచించాడు.

అన్న: ఆమె పేరు తెలియదంటివి. వాళ్లమ్మ ఎవరు?

నేను: వాళ్లమ్మ పేరూ తెలియదు. మంత్రసాని అనే అనేవాళ్లం.

అన్న: అదే అడుగుతున్నా. మన ఊళ్లో ఎన్ని ఇళ్లలో పురుళ్లు పోసింది ఆమె? నువ్వు పుట్టిన రాత్రి నాకు గుర్తుంది. లాంతరు పట్టుకుని వాళ్ల వాడకు పోయి పిలుచుకొచ్చింది నేనే. నీ బొడ్డు కోసింది ఆమె. ఇంట్లోకి రాకూడని మనిషి ఆ రాత్రి మన నడింట్లో ఉండింది. అమ్మ ఆమె చేయి పట్టుకునే నిన్ను కన్నది. పదకొండో రోజు చాటలో బియ్యం, పాత చీర పెట్టి పంపినారు, మళ్లీ వాకిలి అవతలే.

నేను: అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

అన్న: ఎట్లా చెబుతుంది! కానీ చూడు, పట్టా లేనోళ్ల ఎరుక యాడుంటుందని కదా మన తగువు. ఊళ్లో యాభై దాటిన ప్రతి మనిషి ఆమె చేతుల మీద పుట్టినోడే. ఏ కొత్తపల్లెలో, ఏ కాలనీలో ఉన్నా మన ఊరి ముసలమ్మల్ని ఒకర్ని పట్టుకుని, మంత్రసాని వాళ్లు యాడికి పోయినారు అని అడిగితే చెప్పని ఇల్లుండదు. బిడ్డను ఏ ఊరికిచ్చినారో కూడా చెబుతారు. మొగోళ్లు చెప్పలేరు, ఆడోళ్లు చెబుతారు.

నేను: (కాసేపటికి) వాళ్ల మేనమామది ఆత్మకూరు దిక్కు అని గుర్తు. సామాను వేసుకుని ఆ దిక్కే పోయినట్టుండె.

అన్న: ఇన్నేళ్లూ ఈ మాట చెప్పలేదే!

నేను: చెబితే పోతావని.

అన్న: పోతాను మరి. వచ్చే నెల ఆ పక్క మన ముంపు ఊళ్లోళ్లు దేవర చేస్తున్నారు. ఊరు మునిగినా అమ్మవారిని వదల్లేదు కదా, కాలనీలోనే గుడి కట్టుకున్నారు. దేవరకు పుట్టింటి ఆడబిడ్డలందరూ రావాల్సిందే, ఎంత దూరం ఇచ్చినా. సంగమేశ్వరం వద్దంటివి, బాగానే అంటివి. దేవరకు మాత్రం వాళ్లు లేనిదే కాదు. డప్పు వాళ్లది, అమ్మవారిని ఊరేగించేటప్పుడు ముందు నడిచేది వాళ్లు. అక్కడ ఆమె చుట్టాలైనా ఉంటారు.

నేను: వస్తా. కానీ నేను చెప్పినట్టు జరగాల. ఒప్పుకుంటేనే.

అన్న: చెప్పు.

నేను: రచ్చకట్ట దగ్గర కూర్చుని, మంత్రసాని వాళ్లను పిలిపించండి అని నువ్వు ఎవరితోనూ అనకూడదు. ఆఫీసరు అలవాటు నీకు. చిన్నప్పటి నుంచి వాళ్లను పిలిపించడమే కదా మనం చేసింది. మనమే వాళ్ల వీధికి నడిచిపోదాం. వాళ్లింట్లో కాఫీ ఇస్తే తాగుదాం, అన్నం పెడితే తిందాం, తొందరుందని లేవొద్దు.

అన్న: సరే.

నేను: ఫోన్ తీయకూడదు. ఎవరైనా వీడియో తీస్తామంటే వద్దను. నలభై ఏళ్ల తర్వాత కలిసిన నేస్తులని యూట్యూబ్‌లో పెట్టేవాళ్లున్నారు. ఆమె మొహం ఆమె ఇష్టం లేకుండా ఎవరి ఫోన్లోకీ పోకూడదు.

అన్న: సరే. ఆమె మెట్టినిల్లు తెలిస్తే?

నేను: నేరుగా పోకూడదు. వాళ్ల అన్నదమ్ములో మేనమామ బిడ్డలో ఎవరుంటే వాళ్లకు కబురు వదిలి వద్దాం. బడిలో పక్కన కూర్చున్న పిల్ల వచ్చి అడిగిపోయింది, ఇది తన నంబరు, మాట్లాడాలనుకుంటేనే మాట్లాడమంది అని చెప్పమందాం. అత్తింట్లో ఆమె ఏం చెప్పుకుందో, ఏం చెప్పుకోలేదో మనకు తెలియదు. ఆమె ఫోన్ చేయకపోతే మళ్లీ పోయేది లేదు. నువ్వు నాకు తెలియకుండా పోయేదీ లేదు.

అన్న: చేస్తే?

నేను: చేస్తే, నన్ను మీరు అంటే, నేనూ ఆమెను మీరు అంటా. ఆమె ఎంతసేపంటే అంతసేపు. తిట్టాలనుకుంటే తిట్టనిస్తా. వాళ్లమ్మ బతికుందా అని అడుగుతా. బతికుంటే ముందు ఆమె దగ్గరికి పోతా.

అన్న: బతికుంటే తొంభై దగ్గరకొచ్చి ఉంటుంది. ఏమన్నా తీసుకుపోవాలి కదా. చీర పెడదామా?

నేను: పాత చీరలు పెట్టి పంపినోళ్లం మనం. చీర కొనే పని నాకొదిలెయ్. నువ్వు ముందు ఆ కాలనీలో మన ఊరి ముసలమ్మ ఎవరున్నారో కనుక్కో. మొగోళ్లను అడగొద్దు.